చెఱకుతోట ఉద్యానమైన చరిత్ర

శ్రీరామనవమినాడు భద్రాద్రిలో పానకము పంచుట శ్రోతలెఱిగినదే. ఆ బెల్లమునకు మూలమైన చెఱకు తెలుగువారిని ఎంత దూరము నడిపించినదో తలచుకొన్నచో విస్మయము కలుగును. గోదావరి దరి అడవుల అంచున నుండు మనకు సముద్రమే దూరము. ఇక దక్షిణ అమెరికా ఉత్తరతీరమందలి గయానా మాట చెప్పనేల? ఆ దేశపు రాజధాని జార్జిటౌనులో, పాడుపడిన చెఱకుతోట మీద వెలసిన ఉద్యానమొకటి కలదు.

ఆ తోట పేరు వ్లిస్సింజెన్. డచ్చివారి కాలము నాటిది. గయానా తీరభూమి పోటువేళ సముద్రమట్టమునకు దిగువ నుండును. అచ్చట చెఱకు నాటవలెనన్న ముందు కట్ట వేయవలెను, కాలువ త్రవ్వవలెను, తూము పెట్టవలెను. ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలే ఆ తడి బంకమన్నును పారలతో ఎత్తిపోసిరి. తీరమందలి తోటలన్నిటికై వారెత్తిన మన్ను 10 కోట్ల టన్నులని 1948-49 నాటి వెన్ విచారణసంఘము అంచనా కట్టినది. చక్కెర తీపిని గూర్చి మాటలాడునపుడు ఈ అంకె మఱువరాదు.

1838లో బానిసత్వము తొలగెను. ఆ యేడే భారతదేశమునుండి ఒప్పందపు కూలీల ఓడలు మొదలై, 1917 వఱకు సుమారు 2,39,000 మందిని చేర్చినవి. అందు అధికులు కలకత్తా రేవున ఎక్కినవారు. చెన్నపట్నమున ఎక్కిన సుమారు 15 వేలమందిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. అక్కడ అందఱిని కలిపి ‘మద్రాసీలు’ అనిరి. వారి భాష నిలువలేదు. అమ్మవారి కొలుపు నిలిచినది.

ఇంతలో వ్లిస్సింజెన్ వెనుకటి పొలములు పాడుపడి ప్రభుత్వము చేతికి వచ్చినవి. 1870 దశకము చివర అచ్చట ఉద్యాననిర్మాణము ఆరంభమైనది. 1879లో జమైకానుండి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు జెన్మన్, తోటపనిలో ఆరితేరిన వేబీ, ఇరువురును ఆ బంకనేలను ఉద్యానముగా దిద్దిరి.

వింత యేమనగా, చెఱకు విడిచిన ఆ నేలలోనే చెఱకునకు క్రొత్త జన్మ లభించినది. రైతు చెఱకును ముచ్చెలతో నాటును. కావున తల్లిగుణమే పిల్లకు వచ్చును, తెగులును అట్లే వచ్చును. చెఱకుపూత గింజ మొలకెత్తునని 1880 దశకమున జావాలోను, బార్బడోసులోను కనుగొనిరి. బార్బడోసులో ఆ పని చేసిన హారిసన్ 1889లో గయానా చేరి, జెన్మనుతో కూడి ఈ ఉద్యానమున గింజమొక్కలు పెంచెను. డి. 74, డి. 625 మున్నగు రకములు పేరు పొందినవి. ‘డి’ యనగా డెమరారా, అచ్చటి నది పేరు.

1952లో ఉద్యానములో జంతుశాల వెలసినది. కొలనులలో పళ్లెములవంటి ఆకులతో విక్టోరియా కలువలు తేలును. మనాటీలను భారీ నీటిజంతువులు గట్టుచేరువకు వచ్చి, పిల్లలందించు గడ్డిని మేయును.