పిట్‌బుల్
ఇది ఒకే జాతి కాదు. బ్రిటన్‌లో బుల్‌డాగ్, టెర్రియర్‌ల సంకరం నుంచి వచ్చిన కొన్ని కుక్కల రకాలకు ఉమ్మడి పేరు. ఎద్దులపైకి కుక్కలను ఉసిగొల్పే వినోదాన్ని 1835లో అక్కడ నిషేధించాక, చాటుమాటు కుక్కపోట్లాటలకు వీటిని వాడారు. పట్టు వదలని గుణం అలా ఎంచి పెంచినదే. కాబట్టి ఎన్నిసార్లు కరుస్తుందన్నదాని కంటే, కరిస్తే ఎంత గాయమవుతుందన్నదే అసలు చిక్కు.

బ్రిటన్ 1991 నాటి చట్టంతో పిట్‌బుల్ టెర్రియర్‌ను నిషేధించింది. భారత పశుసంవర్ధక శాఖ 2024 మార్చిలో దీనితో సహా 23 రకాలపై ఆంక్షలు పెట్టమని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. జాతిని బట్టే స్వభావమనడం తొందరపాటు: 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, కుక్కల ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేవి సుమారు 9 శాతమే.

పెంపకంలో మొదటి మూడు నెలలు కీలకం. కొత్త మనుషులు, చప్పుళ్లు అప్పుడే అలవాటు కావాలి. రోజంతా గొలుసుతో కట్టేస్తే దూకుడు పెరగవచ్చు. పసిపిల్లల దగ్గర ఒంటరిగా వదలకూడదు. బయటికి తీసుకెళితే పొట్టి పట్టీ, మూతికి చిక్కం ఉండాలి. అపార్ట్‌మెంట్ లిఫ్టులో ‘మావాడు ఏమీ అనడు’ అన్న యజమాని హామీ వీటికి బదులు కాదు. రేబిస్ టీకా ఏటా వేయించాలి.