రెప్పపాటు వెలుగు లెక్క

టెక్కలి నుంచి భావనపాడు ఒడ్డుకు వెళ్తే, చీకటి పడ్డాక సముద్రం మీద వేట పడవల దీపాలు కనిపిస్తాయి. లైట్‌హౌస్‌ది అలాంటి వెలుగు కాదు. మెరిసి ఆరుతుంది, మళ్లీ మెరుస్తుంది. దక్షిణాన వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నంలో ఒకటి, ఉత్తరాన బారువలో ఒకటి. మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎడం లెక్కపెట్టి, ఎదురుగా ఉన్నది ఏ ఒడ్డో నావికుడు పోల్చుకుంటాడు. అయితే ఆ మెరుపు ఎంతసేపుంటే చాలు?

1885లో ఫ్రాన్స్‌లో బ్లాక్ అనే శాస్త్రవేత్త ఒక సంగతి పట్టుకున్నాడు. మెరుపు మరీ పొట్టిదైతే కన్ను బలాన్నీ నిడివినీ విడివిడిగా చూడదు, రెండింటి గుణకారాన్నే చూస్తుంది. బలం సగమైతే నిడివి రెట్టింపు చేస్తే సరి. కుళాయి కింద బిందె పట్టినట్టే, కాకపోతే కన్ను ఆ బిందెను సెకనులో పదోవంతుకు మించి పట్టి ఉంచదు.

మరుసటి ఏడాది జర్మనీలోని లైప్‌జిగ్‌లో జేమ్స్ కాటెల్ అనే శాస్త్రవేత్త, వెలుగు కనబడగానే చెయ్యి ఎంత త్వరగా కదులుతుందో కొలిచాడు. సెకనులో వెయ్యోవంతు చూపే హిప్ గడియారం ఆయన పనిముట్టు. వెలుగు బలం పెరిగినకొద్దీ చెయ్యి త్వరగా కదిలింది. 1907లో ఫ్రోబెర్గ్ అనే పరిశోధకుడు మెరుపు నిడివినీ మార్చి చూస్తే, మెరుపు పొట్టిదయ్యేకొద్దీ ఆలస్యం పెరిగింది. 1914లో పియెరాన్ అనే శాస్త్రవేత్త, బలానికీ ఆలస్యానికీ ఉన్న సంబంధాన్ని సూత్రంగా రాశాడు: వెలుగు ఎంత పెంచినా, ఒక హద్దు దాటాక చెయ్యి ఇంకా తొందరపడదు.

నాకు మాత్రం లైట్‌హౌస్ వాళ్ల కథే ఎక్కువ ఇష్టం. ఫ్రాన్స్ లైట్‌హౌస్ శాఖలో బుర్దెల్ అనే ఇంజనీరు, కంటికి పదోవంతు సెకను చాలునని నమ్మాడు. కటకాల పలకలు తగ్గించి, వెలుగంతా కొద్ది కిరణాల్లోకి కూర్చి, బరువైన దీపాన్ని పాదరసం మీద తేల్చి గిర్రున తిప్పించాడు. అంత పొట్టి మెరుపు నావికుడికి నిజంగా పూర్తి బలంతో అందుతుందా?

1911లో బ్లాండెల్, రే అనే ఇద్దరు ఆ లెక్క తేల్చారు. మెరుపు నిడివిని, అదే నిడివికి 0.21 సెకను కలిపిన మొత్తంతో భాగించాలి. వచ్చిన వంతే చూపుకు దక్కే బలం. 0.1 సెకను మెరుపుకు దక్కేది సుమారు మూడోవంతు! చీకట్లో ఉందో లేదో అనిపించే చుక్క మీద కట్టిన లెక్క ఇది. వేట ముగించి ఒడ్డు వెతుక్కునే పడవవాడికి దూరాన మొదట కనబడేదీ అలాంటి చుక్కే.