ఉష్ణోగ్రతా మానాలు: 32 ఎక్కడిది, 98.6 ఎక్కడిది?

ఎండ 42 డిగ్రీలు ఉందంటే మనం సెల్సియస్‌లో చెబుతున్నాం. జ్వరం 102 ఉందంటే ఫారన్‌హీట్‌లో చెబుతున్నాం. ఒకే ఇంట్లో రెండు మానాలు వాడుకలో ఉన్నాయి. ఒకదాని నుంచి మరొకదానికి మార్చే సూత్రంలోని 32, 9, 5 అనే సంఖ్యలు ప్రకృతి ఇచ్చినవి కావు, మనుషులు ఎంచుకున్న వాటి ఫలితాలు.

డాంజిగ్‌లో 1686లో పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడిన డేనియల్ గాబ్రియెల్ ఫారన్‌హీట్ పాదరస ఉష్ణమాపకాలు తయారుచేసేవాడు. 1724లో ఆయన తన మానాన్ని వివరిస్తూ మూడు స్థానాలు పేర్కొన్నాడు. మంచు, నీరు, నవాసారం కలిపిన మిశ్రమం 0. మంచు, నీరు మాత్రమే కలిపితే 32. ఆరోగ్యవంతుని శరీరపు వేడి 96. తరువాతి కాలంలో నీటి మరుగు స్థానాన్ని 212గా స్థిరపరచారు. అందువల్ల నీరు గడ్డకట్టే స్థానానికి, మరుగు స్థానానికి మధ్య 180 డిగ్రీలు ఏర్పడ్డాయి.

స్వీడన్‌లోని ఉప్సాలాకు చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆండర్స్ సెల్సియస్ 1742లో ఇదే అంతరాన్ని 100 భాగాలు చేశాడు. అయితే ఆయన మానంలో మరుగు స్థానం 0, గడ్డకట్టే స్థానం 100! కొన్నేళ్లలోనే ఈ క్రమాన్ని తిరగవేశారు. ఈ మానానికి సెల్సియస్ పేరు అంతర్జాతీయంగా 1948లో ఖాయమైంది.

180కి, 100కి గల నిష్పత్తి 9:5. కాబట్టి సెల్సియస్ విలువను 9తో గుణించి, 5తో భాగించి, 32 కలిపితే ఫారన్‌హీట్ విలువ వస్తుంది. ఎండ 42 డిగ్రీల సెల్సియస్ అయితే అది 107.6 డిగ్రీల ఫారన్‌హీట్.

ఇప్పుడు 98.6 సంగతి చూద్దాం. జర్మనీలోని లీప్‌జిగ్ వైద్యుడు కార్ల్ వుండర్లిష్ వేలాది రోగుల ఉష్ణోగ్రతలను పరిశీలించి, 1868లో ప్రచురించిన గ్రంథంలో ఆరోగ్యవంతుల సగటు 37 డిగ్రీల సెల్సియస్ అని తెలిపాడు. పై సూత్రం ప్రకారం ఇది 98.6 అవుతుంది. అంటే చివరనున్న ఆ .6 మార్పిడి లెక్కలో పుట్టింది. శరీర ఉష్ణోగ్రత ఉదయం కంటే సాయంత్రం కొంత ఎక్కువగా ఉంటుందని వుండర్లిష్ కూడా గుర్తించాడు. 1992లో అమెరికాలో 148 మంది ఆరోగ్యవంతులపై జరిపిన పరిశీలనలో సగటు 36.8, అంటే సుమారు 98.2గా తేలింది.

కనుక 98.6ను ఒక గీతలా భావించి, దాన్ని దాటగానే జ్వరం అనుకోవడం సరికాదు. మార్పిడి వల్ల సంఖ్య మారుతుందే గాని, కొలత కచ్చితత్వం పెరగదు. ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే.