వాలు నేల మీద గోడ

పలాస దగ్గర మా మావయ్య ఇల్లు కట్టుకోడానికి కొన్న స్థలం కాగితం మీద చదునుగానే ఉంది. అయిదు సెంట్లు, నాలుగు వైపులా హద్దులు, అంతే. వెళ్లి చూస్తే పడమటి హద్దు రాయి మన భుజం ఎత్తులో ఉంది, తూర్పు హద్దు రాయి కాళ్ల దగ్గరుంది. "పొక్లెయిన్ పెట్టి ఒక్క పూటలో సాపు చేయించేద్దాం" అన్నాడు మావయ్య. పక్కనే నిలబడ్డ ముసలి తాపీ మేస్త్రి మాత్రం ఒక్కటే అడిగాడు: "మరి పైనుండొచ్చే నీరు ఎటెల్తాది బాబూ?"

ఉద్దానం అనగానే మనకి కొబ్బరి, జీడిమామిడి, ఇసుక, సముద్రం గుర్తొస్తాయి. వాలు గుర్తు రాదు. కానీ ఇక్కడ పడమర దిక్కున 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉంది, తూర్పున బంగాళాఖాతం ఉంది. ఆ రెంటికీ మధ్య ఉన్నది సన్నటి నేల. కొండ మీద పడ్డ వాన మందస, పలాస, సోంపేట పొలాల మీదుగా సముద్రంలోకి దిగాల్సిందే. ఇక్కడ ఇల్లు కట్టడమంటే ఆ నీటికి అడ్డంగా నిలబడటం. కాబట్టి మేస్త్రి ప్రశ్న ఇవాళ్టిది కాదు.

ఉద్దానం నుంచి దక్షిణంగా వెళ్తే, వంశధార ఒడ్డున, కళింగపట్నానికి దగ్గర్లో శాలిహుండం కొండ ఉంది. క్రీస్తు పూర్వం నుంచి దాదాపు వెయ్యేళ్ల పాటు బౌద్ధులు అక్కడ స్తూపాలు, చైత్యగృహాలు, విహారాలు కట్టారు. వాళ్లు కొండని నరికి ఒకే మైదానం చేయలేదు. మెట్ల దారిలో పైకి ఎక్కుతుంటే కట్టడాలు వేర్వేరు ఎత్తుల్లో ఎదురవుతాయి. ఎక్కడ ఎంత చోటు దొరికితే అక్కడ అంత కట్టారు. ఆ దారిలో నడిచిన వాళ్లెవరికైనా కాళ్లకే తెలుస్తుంది, ఇది కొండని ఒప్పుకుని కట్టిన ఊరు అని.

ఈ శిథిలాల్ని 1919లో గుర్తించినాయన గిడుగు వెంకట రామమూర్తి. మనకి ఆయన వ్యావహారిక భాషోద్యమ నాయకుడు. ఆగస్టు 29న దండలు వేస్తాం, వదిలేస్తాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువులు, వ్యాకరణం తయారు చేశాడు. మైదానం వాళ్లు సవరల్ని కొండలు తగలబెట్టి పోడు చేసే జనంగా మాత్రమే చూస్తున్న రోజులవి. అడవి పాడవుతోందంటే సర్కారు వేలు ముందు వాళ్ల వైపే తిరిగేది.

అదే సవరలు వాలు మీద ఏం కట్టారో చూస్తే ఆ నింద ఎంత అరకొరదో అర్థమవుతుంది. కొండ గెడ్డల వెంట, మెట్లు మెట్లుగా వరి మళ్లు. ఒక్కో మడికీ కింది అంచున రాతి గోడ. మట్టి, సున్నం ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. పై మడి నిండాక నీరు కింది మడిలోకి దిగుతుంది, అక్కణ్ణుంచి ఇంకా కిందికి. 1955లో సవరల మత జీవితం మీద పెద్ద పుస్తకం అచ్చేసిన వెరియర్ ఎల్విన్ కూడా ఈ మళ్ల పనితనానికి ముచ్చటపడ్డాడు. ఇళ్లు కూడా అంతే. ఒకదానికొకటి ఆనుకుని బారులుగా, ముందు ఎత్తు అరుగుతో.

సున్నం లేకపోవడం లోపంలా కనిపిస్తుంది. నిజానికి గోడ బలమంతా అందులోనే ఉంది. రాళ్ల సందుల్లోంచి నీరు కారిపోతుంది. గోడని పడగొట్టేది చాలాసార్లు మట్టి ఒక్కటే కాదు, మట్టిలో చిక్కుకున్న నీరు. పదడుగుల గోడ వెనక నీరు నిండా చేరిందనుకోండి, ఒక్కో మీటరు పొడవు గోడని దాదాపు నాలుగున్నర టన్నుల బరువుతో తోస్తుంది. మట్టి తోపు దీనికి అదనం. అందుకే ఇంజనీర్లు సిమెంటు గోడకి బెజ్జాలు వదలాలంటారు, వెనక కంకర పోయాలంటారు. సవర గోడ మొత్తం బెజ్జాలే.

2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం రోజు, తెల్లవారకముందే, వానకి నానిన కొత్త గోడ కూలి క్యూలో ఉన్న భక్తులు ఏడుగురు చనిపోయారు. అది కూడా కొండ వాలే. వాలు మీద గోడ అంటే ఎవరో ఒకరు దాని కింద నిలబడతారని అర్థం.

ఇంత తెలిసిన నేల మీద మనం ఎందుకిలా మరిచిపోయాం? నాకు తోచిన కారణం ఒకటుంది. మన భూమి లెక్కలు బ్రిటిష్ కాలపు సర్వే నుంచి వచ్చాయి. ఎఫ్ఎంబీ పటంలో గట్ల పొడవులు, మలుపులు, హద్దు రాళ్లు ఉంటాయి. ఎత్తుపల్లాలు ఉండవు. శిస్తు వసూలుకి విస్తీర్ణం చాలు కదా. ఇప్పటి లేఔట్లు కూడా ఆ పటం మీదే స్కేలు పెట్టి గీసిన గళ్లు. కాగితంలో లేని వాలుని నేల మీద కూడా లేకుండా చేయడం పొక్లెయిన్ పని. పై సగం తవ్వి కింది సగంలో పోస్తారు. తవ్విన చోట నేల గట్టి, పోసిన చోట గుల్ల. రెండింటి మీదా ఒకే పునాది వేస్తే గుల్ల వైపు దిగుతుంది, గోడలో ఏటవాలుగా పగులు వస్తుంది. వెంటనే వాస్తు దోషం అంటారు.

చివరికి మావయ్య మేస్త్రి మాటే విన్నాడు. ఇల్లు రెండు ఎత్తుల్లో కట్టారు. హాల్లోంచి వంటింట్లోకి మూడు మెట్లు దిగాలి. అత్తయ్య మోకాళ్లకి అది ఇబ్బందే, ఆవిడ రోజూ సణుగుతుంది. పడమటి అంచున, ఇంటికి ఎగువన, కాలువ తీశారు. తూర్పు గోడకి పైపులు పెట్టి వెనక రాయి పేర్చారు. తూర్పు పల్లం కాబట్టి వాస్తు సిద్ధాంతి కూడా సంతోషించాడు. ఖర్చు మాత్రం తగ్గలేదు.

మొదటి పెద్ద వానకి నేను అక్కడే ఉన్నాను. పైపుల్లోంచి ఎర్ర నీరు ధారగా వచ్చింది, గోడ కదల్లేదు. మావయ్య ముఖం వెలిగిపోయింది. మేస్త్రి మాత్రం గోడ మీంచి కిందికి చూస్తున్నాడు. ఆ నీరంతా దిగువ స్థలంలోకి పోతోంది. అక్కడ ఇంకా ఇల్లు లేదు, నాలుగు హద్దు రాళ్లే ఉన్నాయి.

సవర మళ్లలో పై మడి నీరే కింది మడికి పంట. మన లేఔట్లో నా ఇంటి నీరు కింది వాడికి వరద. "ఆళ్లు కట్టుకున్నప్పుడు ఏటి సేద్దారో" అన్నాడు మేస్త్రి. మావయ్య ఏమీ అనలేదు. మర్నాడు ఆ స్థలం ఎవరిదో కనుక్కోమని నాకు చెప్పాడు.