యూదుల యింటి ప్రార్థనలు

దేవుని యెదుట నిలిచినవారు ఏ భాషలో మాటాడవలెను? పెద్దలు గ్రంథములలో కట్టి యిచ్చిన భాషలోనా, తల్లి ఒడిలో నేర్చిన భాషలోనా? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. సావడిలో సంస్కృత మంత్రము వినబడుచున్న యింటనే, పెరటిలో తులసికోట యొద్ద ఇల్లాలు తెలుగుపాట పాడుకొనుట మీ రందఱు నెఱిగినదే. యూదు జాతియందును ఇట్లే రెండు భాషల భక్తి యుండెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశలలో ఆ రెండవ భాషకు, అనగా యింటి భాషకు, పట్టిన గతిని గుఱించి నేడు మీకు విన్నవింప దలచితిని.

యూదుల నిత్యప్రార్థనలు హీబ్రూ భాషలో నున్నవి. కొన్ని భాగములు మాత్రము దానికి చెల్లెలు వంటిదగు అరమాయికు భాషలో నున్నవి. ఉదయము, అపరాహ్ణము, రాత్రి, ఇట్లు దినమునకు ముమ్మారు ప్రార్థింపవలెనని పురుషులకు విధి. సంఘప్రార్థనకు పదుగురు పురుషులు కూడవలెను. పదియవవాడు వచ్చుదాక తక్కిన తొమ్మండుగురు కాచుకొని యుండవలసినదే. పూర్వాచారము ననుసరించి స్త్రీలు ఆ లెక్కలోనికి రారు. మందిరములో వారు వేఱుగా, మేడమీదనో తెరచాటుననో కూర్చుండెడివారు. బాలురకు పసితనముననే హీబ్రూ అక్షరములు దిద్దించెడివారు. బాలికలలో పెక్కండ్రకు ఆ భాష అర్థమగునంతటి చదువు లభించెడిది కాదు.

తూర్పు ఐరోపాలోని యూదులు యింట మాటాడిన భాష యిద్దిషు. ఇది మూలమున జర్మను భాషకు చెందినది. హీబ్రూ మాటలును, స్లావు జాతుల మాటలును అందు కలిసినవి. వ్రాయుట హీబ్రూ లిపిలోనే. 1897లో రష్యా సామ్రాజ్యమున జనాభా లెక్కలు తీసినప్పుడు అందు సుమారు 52 లక్షల యూదు లుండిరి. వారిలో నూటికి 97 మంది యిద్దిషే మా మాతృభాష యని వ్రాయించిరి. బేరసారములు, జోలపాటలు, తిట్లు, దీవెనలు, అన్నియు దానిలోనే.

ఈ భాషలో స్త్రీలకొఱకు పుట్టిన ప్రార్థనలకు త్ఖినెలని పేరు. ఆ మాటకు విన్నపమని యర్థము. 1648 నాటికే ఆమ్‌స్టర్‌డాములో ఇట్టి విన్నపముల సంపుటము అచ్చయి వెలువడెను. తరువాత తూర్పు ఐరోపాలో ఇవి చౌక కాగితముపై చిన్న చిన్న పుస్తకములుగా అచ్చువడి, ఇరువదవ శతాబ్దమున కూడ ఊరూర అమ్ముడుపోవుచుండెను. హీబ్రూ ప్రార్థన 'మేము' అని సంఘము పక్షమున పలుకును. త్ఖినె 'నేను' అని యొక్క స్త్రీ పక్షమున పలుకును. శుక్రవారము సాయంకాలము విశ్రాంతిదినపు దీపము పెట్టునప్పుడు ఒకటి, రొట్టెకు పిండి పిసికి అందుండి దేవుని పాలు తీయునప్పుడు ఒకటి, గర్భిణికి ఒకటి, పురిటి నొప్పులకు ఒకటి, బిడ్డ జబ్బుపడినప్పుడు వేఱొకటి. ఆ స్త్రీలు తమ జాతికి మూలమాతలైన సారా, రిబ్కా, రాహేలు, లేయా అను వారిని తోడు పిలుచుకొనెడివారు. చదువురాని వారికొఱకు మందిరమునందలి స్త్రీల భాగములో చదువు వచ్చిన యొక యామె గట్టిగా చెప్పుచుండగా తక్కినవా రామె వెంట పలికెడివారు.

వీరి ఆచారములలో నా మనస్సును మిక్కిలి తాకినది యొకటి కలదు. యూదులకు సంవత్సరములో అన్నిటికంటె గొప్పదినము ప్రాయశ్చిత్తదినము. దాని రాకకు ముందు స్త్రీలు శ్మశానమునకు పోయి, సమాధుల చుట్టును నూలుదారము చుట్టి కొలిచెడివారు. ఆ దారమునే యింటికి తెచ్చి వత్తులు చేసి, మైనము పూసి, దీపములు చేసెడివారు. ఒకటి బ్రతికియున్న వారికొఱకు. ఒకటి చనిపోయిన వారికొఱకు. ఒక్కొక్క పోగు వేయునప్పుడు మూలపురుషులనుండి తమ తాతముత్తాతల దాక ఒక్కొక్కరి పేరు తలచి, మా బిడ్డలకొఱకు మీరు దేవుని సన్నిధిని మాటాడుడని వేడుకొనెడివారు. పదునెనిమిదవ శతాబ్దమున సారా బాస్ తోవిమ్ అను నామె వ్రాసిన 'మూడు ద్వారములు' అను పొత్తములో ఈ దీపముల ప్రార్థన కలదు. ఆ పుస్తకము ఎంత ప్రసిద్ధి కెక్కెననగా, పందొమ్మిదవ శతాబ్దమున కొందఱు పురుష రచయితలు కూలికై త్ఖినెలు వ్రాసి స్త్రీల పేర్లతో ప్రకటించుట సైతము జరిగెను.

ఇరువదవ శతాబ్దము వచ్చునప్పటికి ఈ లోకము కదలిపోవుచుండెను. 1881 మొదలు 1914 దాక దౌర్జన్యములకును దారిద్ర్యమునకును తాళలేక ఇరువది లక్షలకు పైగా యూదులు తూర్పు ఐరోపాను విడిచి, ముఖ్యముగా అమెరికాకు, వలసపోయిరి. నిలిచినవారిలో యువకులు పట్టణపు చదువులలోబడి అవ్వల పలుకులను చిన్నచూపు చూడసాగిరి. అప్పుడు అన్‌స్కీ అను రచయిత (1863–1920) ఈ పలుకులు నోళ్లతోడనే పోవునని గ్రహించెను. ఆయన 1912లో కొందఱు మిత్రులతో వోలీనియా, పొడోలియా సీమల ఊళ్లమీద బయలుదేరెను. ఏంగెల్ అను సంగీతవేత్త వెంట నుండెను. మైనపు గొట్టములపై ధ్వనిని పట్టు యంత్రమును వారు ఊరూర తిప్పిరి. కథలు, పాటలు, రాగములు, ప్రార్థనలు వేలకొలది సేకరించిరి. పుట్టుక మొదలు చావు దాక గల యాచారములను గుఱించి 2,087 ప్రశ్నలతో ఒక గ్రంథమును 1914లో ప్రకటించిరి. ఆ యేటనే మొదటి ప్రపంచయుద్ధము వచ్చి పని నిలిచిపోయెను.

జర్మనీలో బెర్తా పాపెన్‌హైమ్ అను మహిళ (1859–1936) మఱియొక త్రోవను పోయెను. ఆమె 1904లో యూదు స్త్రీల సంఘమును స్థాపించెను. 1907లో ఫ్రాంక్‌ఫర్టు దాపున నోయ్-ఐసెన్‌బుర్గులో దిక్కులేని బాలికలకును, బిడ్డతల్లులకును ఆశ్రమము నెలకొల్పెను. స్త్రీలను అమ్ము వ్యాపారముతో జీవితాంతము పోరాడెను. యిద్దిషులో స్త్రీలు తరతరములుగా చదువుకొనిన గ్రంథములను జర్మనులోనికి తెచ్చినదియు నామెయే. ఆమె తన పనినడుమ జర్మను భాషలో చిన్న చిన్న వచన ప్రార్థనలు వ్రాసికొనెను. ఆమె మరణించిన 1936లోనే అవి పుస్తకముగా వెలువడినవి. పని మాని చేసిన ప్రార్థన కాదది. పనియందు పుట్టిన ప్రార్థన. 1938 నవంబరులో నాజీలు ఆ యాశ్రమమునకు నిప్పుపెట్టిరి. 1942లో దానిని మూయించి, మిగిలియున్నవారిని నిర్బంధ శిబిరమునకు తరలించిరి.

ఆ యుద్ధకాలమున ఐరోపాలో సుమారు 60 లక్షల యూదులు చంపబడిరి. వారిలో అత్యధికులు యిద్దిషు మాటాడువారే. శ్మశానములో దారము కొలుచు అవ్వలును, ఆ దారపు కొన పట్టుకొను మనుమరాండ్రును ఒక్కసారిగా పోయిరి. 1935లో అమెరికాకు చేరిన కాద్యా మొలొదోవ్‌స్కీ అను కవయిత్రి 1945లో 'కరుణామయుడగు దేవా' అను పేరుగల ఖండికను యిద్దిషున వ్రాసెను. ఇక మమ్ము విడిచి వేఱొక జాతిని ఏరుకొనుమని అందామె దేవుని వేడినది. అది నాస్తికుని పలుకు కాదు. ప్రార్థన భాషలోనే దేవునితో తెగతెంపులాడిన బిడ్డ పలుకు.

ఇప్పుడు ఒక వింత చూడుడు. హీబ్రూ ప్రార్థన ఎక్కడికి పోయినను నిలిచినది. దానికి గ్రంథము కలదు, విధి కలదు, పదుగురి కూటమి కలదు. ఆ హీబ్రూయే పిదప ఇస్రాయేలు దేశమున వీథిభాషయై, వంటయింటి భాషయై, నేడు తల్లులు బిడ్డలను లాలించు భాష యైనది. యిద్దిషు పూర్తిగా పోలేదు. పూర్వాచారపరాయణులైన కొన్ని సమాజములలో నేటికిని ఇండ్లలో మాటాడుచున్నారు. కాని త్ఖినె పలుకు కంఠములు కొలదియై, ఆ ప్రార్థన పెక్కుచోట్ల పుస్తకశాలకు చేరినది. అన్‌స్కీ బృందము చేర్చిన మైనపు గొట్టములు మాత్రము యుద్ధములను, ప్రభుత్వముల కోపమును దాటుకొని కీవు నగరపు గ్రంథాలయమున నిలిచినవి. 2005లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ఆ భాండారమును ప్రపంచస్మృతి పట్టికలో చేర్చెను. ఎవరో యొకరు సకాలమున వినినందుననే అది దక్కినది.

మన దేశపు యూదులయందును ఈ యింటిభాష భక్తి వెలసినది. కొంకణ తీరమున నూనెగానుగ లాడించి, శనివారము పని మానుటచేత 'శనివారపు తేలీ'లని పిలువబడిన బెనె ఇస్రాయేలీయుల మాతృభాష మరాఠీ. వారు 1880 మొదలు బొంబాయిలో హిందువుల కీర్తన పద్ధతినే చేపట్టి, అబ్రహాము, యోసేపు మున్నగువారి చరిత్రములను పాటయు మాటయు కలిపి మరాఠీలో చెప్పసాగిరి. మన హరికథ నెఱిగినవారికి ఆ పద్ధతిని వేఱుగ వివరింప నక్కఱలేదు. కొచ్చిన్ యూదు స్త్రీలు మలయాళములో పెండ్లిపాటలును, భక్తిపాటలును చేతివ్రాత పుస్తకములలో వ్రాసికొని, తల్లినుండి కూతురికి అందించిరి. అక్కడి పురుషులు ఆ పాటలను గౌరవముతో వినెడివారు. 1950 తరువాత వారిలో పెక్కండ్రు ఇస్రాయేలునకు తరలిపోయిరి. ఆ చేతిపుస్తకములును వారి పెట్టెలలో సముద్రము దాటినవి. తరువాత పండితులు వానిని వెదకి సేకరించి అచ్చు వేయించిరి.

ఈ చరిత్రమునుండి నేను గ్రహించిన దొక్కటే. గుడి ప్రార్థనను గుడి కాపాడును; ఇంటి ప్రార్థనను కాపాడుటకు ఇంటివారు తప్ప వేఱొకరు లేరు. దానికి ధర్మకర్తలు లేరు, మాన్యములు లేవు. ఒక్క తరము వినుట మానినచో అది పోవును. మీ యిండ్లలో పెద్దముత్తైదువలు వ్రతములనాడు పాడు పాటలు, దీపము పెట్టునప్పుడు పలుకు నాలుగు మాటలు ఇంకను వినబడుచున్నవి గదా. మీకు చదువు వచ్చును. మీ చేతిలో కలము కలదు. ఒక సాయంకాలము వారియొద్ద కూర్చుండి, వారు పలికినది పలికినట్లే, మీ దిద్దుబాటు లేకుండ, వ్రాసి యుంచుడు.