నిప్పుగోడ కథ

రేడియో యంత్రము గల గృహములకు ఒక సౌఖ్యమున్నది. ఆకాశమున ఎన్ని స్టేషనుల ధ్వనులు సంచరించుచున్నను, మనము ముల్లును త్రిప్పి నిలిపినదే మన యింట వినబడును. మనము వినుచున్నామో, కునికిపాట్లు పడుచున్నామో అవతల మాటలాడువానికి తెలియదు. అతడు ఆ రేడియో గుండా మన గదిలోనికి తొంగిచూడనూ లేడు. ఇంటర్నెట్టు తీగ అట్టిది కాదు. ఏ త్రోవను మనము లోకమును చూడబోవుచున్నామో, ఆ త్రోవనే లోకమును మన యింటికి రాగలదు. ఈ సంగతి మొదట దాని నిర్మాతలకే అంతగా పట్టలేదు. పట్టిన పిమ్మట వారు కట్టుకొన్న గోడను గూర్చియు, ఆ గోడ కావలివాని చేతికిచ్చిన జాబితాను గూర్చియు నేడు కొంత ముచ్చటింతుము.

ఆ గోడ పేరు ఫైర్‌వాల్. అనగా నిప్పును ఆపు గోడ. ఒక యింట అంటుకొన్న మంట ప్రక్క యింటికి ప్రాకకుండ నడుమ కట్టెడి దట్టమైన గోడకు పాశ్చాత్యులు పెట్టిన పేరది. మోటారు కారులో ఇంజనునకును, కూర్చుండు వారికిని నడుమనుండు ఇనుప తడికకు కూడ అదియే పేరు. కాని కంప్యూటర్లవారు ఈ మాటను అరువు తెచ్చుకొన్నప్పుడు అర్థము కొంత మారినది. నిప్పుగోడకు కంత ఉండరాదు. కంప్యూటర్ల గోడకో, ద్వారము లేనిదే ప్రయోజనము లేదు. ఎవరును రాకుండ, పోకుండ చేయుటకు గోడ యెందులకు? తీగను ఊడబెరికిన చాలును. కావున ఇది నిజమునకు గోడ కథ కాదు, గవిని కథ.

1988వ సంవత్సరము నవంబరు 2వ తేదీ వరకును ఇంటర్నెట్టు తలుపులకు గడియలు లేని పల్లెటూరు వంటిది. విశ్వవిద్యాలయములు, పరిశోధనాలయములు, ప్రభుత్వ శాఖలు అందులోని కాపురములు. ఒకరి యంత్రమును ఒకరు నమ్ముట అచటి మర్యాద. ఆ రాత్రి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి, 22 ఏండ్ల రాబర్ట్ టాపన్ మోరిస్ వ్రాసిన చిన్న ప్రోగ్రాము ఒకటి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములోని యంత్రము నుండి బయలుదేరినది. అది ఒక యంత్రమున చేరి, తన వంటి దానినే మరియొక యంత్రమునకు పంపును. ఉత్తరములను చేరవేయు ప్రోగ్రాములోని లోపమొకటి దానికి దారి యిచ్చినది. వాడుకరులు పెట్టుకొన్న తేలికపాటి సంకేతపదములు మరికొన్ని దారులిచ్చినవి. అది ఫైళ్లను చెరుపలేదు. కాని ఒకే యంత్రమున మరల మరల చేరి, వేరొక పని జరుగనీయక దానిని కూలబెట్టెను. అప్పటి ఇంటర్నెట్టులో సుమారు 60 వేల యంత్రములుండగా, వానిలో 6 వేలు దీని వాతబడినవని ఉజ్జాయింపుగా లెక్క గట్టిరి. తెల్లవారునప్పటికి అనేక సంస్థలవారు చేసిన పని యేమనగా, తీగను ఊడబెరికికొనుట!

ఆ కుర్రవాని తండ్రి ప్రభుత్వ సేవలో కంప్యూటర్ల భద్రతయే వృత్తిగా నున్నవాడు. ఇట్టి వింతలను కథకులు కల్పించినచో మనము నమ్మము. 1990లో న్యాయస్థానము మోరిస్‌కు చెరసాల విధింపక, మూడేండ్ల పర్యవేక్షణ, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించెను. తరువాతి కాలమున అతడు ఆ మసాచుసెట్స్ విద్యాలయముననే ఆచార్యుడాయెను.

గోడ యను ఆలోచన ఆ రాత్రికి ముందును లేకపోలేదు. కాని అది అవసరమని అందరును ఒప్పుకొన్నది ఆ తరువాతనే. ఇంటర్నెట్టులో ఏ సందేశమైనను చిన్న చిన్న ముక్కలై ప్రయాణము చేయును. వానిని ప్యాకెట్లందురు. ప్రతి ప్యాకెట్టు మీదను తపాలా కవరు మీద వలె పంపినవాని చిరునామా, అందుకొనువాని చిరునామా వ్రాసియుండును. ఏ పనికి వచ్చినదో తెలుపు ద్వారసంఖ్య యొకటి దానికి తోడు. ఉత్తరములకు 25, వెబ్ పేజీలకు 80 అని ఏర్పాటు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థకు చెందిన జెఫ్రీ మోగుల్ ఈ పై వ్రాతను మాత్రము చదివి, పోవచ్చును లేక పోరాదు అని తీర్పు చెప్పు ప్రోగ్రామును గూర్చి 1989లో ప్రకటించెను. మరుసటి ఏడు బెల్ లేబొరేటరీస్‌కు చెందిన విలియం చెస్విక్ తమ సంస్థ గవినిని ఎట్లు కట్టిరో వివరించెను. 1994లో అతడును, స్టీవెన్ బెల్లొవిన్‌ను కలసి వ్రాసిన గ్రంథము ఈ వృత్తిలోని వారికి పెద్దబాలశిక్ష వంటిదైనది. ఆ సంవత్సరముననే చెక్ పాయింట్ అను ఇజ్రాయెల్ సంస్థ తెచ్చిన ఫైర్‌వాల్, లోపలివారు అడిగిన ప్రశ్నను జ్ఞాపకముంచుకొని, దానికి వచ్చిన జవాబును మాత్రము రానిచ్చు విద్యను ప్రచారములోనికి తెచ్చినది.

కావలివాని జాబితా ఎట్లుండునో కొంచెము నిదానించి చూడవలెను. తక్కిన కథయంతయు దానిమీదనే నిలిచియున్నది. జాబితాలో నియమములు వరుసగా నుండును. కావలివాడు పై నుండి క్రిందికి చదువును. వచ్చిన ప్యాకెట్టునకు సరిపోవు మొదటి నియమము కనబడగనే దానిని అమలు జరిపి, అచటనే చదువుట మానివేయును. చాల ఫైర్‌వాల్‌లలో ఇదియే పద్ధతి. చిట్టచివరి పంక్తిలో, పైన అనుమతింపని దెల్ల నిషిద్ధమే యని యుండుట మంచి జాబితాకు లక్షణము. ఒక కళాశాలను ఊహింతము. గ్రంథాలయ యంత్రములు ఎచటికైనను పోవచ్చునని మొదటి నియమము, ఫలానా వెబ్‌సైటుకు ఎవరును పోరాదని రెండవ నియమము వ్రాసిరనుకొందము. గ్రంథాలయమున కూర్చున్న విద్యార్థి ఆ వెబ్‌సైటును నిక్షేపముగా చూడగలడు. కావలివాడు రెండవ పంక్తి వరకు రాడు గదా! ఆ రెండు పంక్తులను తారుమారు చేసిన, ఆ ద్వారము మూతపడును. అక్షరమైనను మారలేదు, వరుస మారినది. ఈ చిక్కు తెలియక, నియమము వ్రాసితిమి గదా యని నిశ్చింతగా నున్న సంస్థలను మేమెరుగుదుము.

వెబ్ వ్యాపించిన కొలదిని చిరునామా చూచుట చాలకపోయినది. ఒక్క చిరునామా గల యంత్రముననే వందల వెబ్‌సైట్లు కాపురముండసాగినవి. ఒకదానిని ఆపబోయిన తక్కినవన్నియు ఆగును. 1994 నాటికి స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాలయమున ప్రాక్సీ అను మధ్యవర్తి తయారైనది. 1996లో స్క్విడ్ అను ప్రాక్సీ వెలువడి నానాదేశముల కళాశాలలకును వ్యాపించినది. ప్రాక్సీ మన పక్షమున తానే పోయి పేజీని తెచ్చును గనుక, ఏ వెబ్‌సైటున ఏ పేజీ కావలెనో దానికి పూర్తిగా తెలియును.

ఇచటనే విషయము ములుపు తిరిగినది. అంతకుముందు జాబితా బయటివారిలో ఎవరు లోనికి రావచ్చునో చెప్పెడిది. ఇప్పుడది లోపలివారు ఏమి చదువవచ్చునో చెప్పజొచ్చెను. పిల్లల కంటబడరాని పేజీలు లోకమున కలవనుటలో సందేహము లేదు. ఇంటిపెద్ద తన యింటి రూటరులో నాలుగు పేర్లు వ్రాసి ఆపుటను తప్పుపట్టువారము కాము. అయితే యంత్రమునకు మాట తెలియునే కాని సందర్భము తెలియదు. 1996లో ఇంగ్లండులోని స్కంథార్ప్ పట్టణవాసులు అమెరికా ఆన్‌లైన్ సంస్థలో ఖాతాలు తెరువబోగా, యంత్రము వారి నందరిని నిరాకరించినది. వారి ఊరి పేరు నడుమ, ఇంగ్లీషులో పలుకరాని మాటకు చెందిన నాలుగక్షరములు వరుసగా పడినవి. అంతే వారు చేసిన నేరము.

వర్జీనియా రాష్ట్రములోని లౌడన్ కౌంటీ గ్రంథాలయ వ్యవహారము ఇంతకంటె గంభీరమైనది. 1997లో అచటి పాలకమండలి తమ గ్రంథాలయముల యంత్రములన్నిటను, పిల్లలకే గాక పెద్దలకును వర్తించునట్లు, ఒక వడపోత ప్రోగ్రామును పెట్టవలెనని తీర్మానించెను. ఏ వెబ్‌సైట్లు నిషిద్ధములో నిర్ణయించినది గ్రంథపాలకులు కారు, ప్రోగ్రామును అమ్మిన సంస్థ. ఆ నిర్ణయమునకు కొలబద్ద యేమో ఆ సంస్థ బయటపెట్టలేదు. క్వేకర్లను శాంతివాద క్రైస్తవుల పేజీ కూడ ఆగిపోయినదని పౌరులు వ్యాజ్యము వేసిరి. విచారించిన న్యాయమూర్తి లియోనీ బ్రింకెమా పూర్వాశ్రమమున గ్రంథపాలకురాలు. ఆ పద్ధతి అమెరికా రాజ్యాంగమునకు విరుద్ధమని ఆమె 1998 నవంబరున తీర్పు చెప్పెను. రెండేండ్లు గడచినవో లేదో, 2000 డిసెంబరున ప్రభుత్వ ధనసహాయము పొందు గ్రంథాలయములు, పాఠశాలలు వడపోతను పెట్టితీరవలెనని శాసనము వచ్చినది. 2003లో సుప్రీం కోర్టు దానిని ఆరుగురు న్యాయమూర్తులు ఔననగా, ముగ్గురు కాదనగా నిలబెట్టినది. పెద్దవారు అడిగినచో గ్రంథపాలకుడు వడపోతను తొలగింపవచ్చును గదా యనుట ఆ తీర్పునకు ఒక ఆధారము. అడుగుటకు సిగ్గుపడువాని మాట ఏమని మాకు తోచును. వ్యాధిని గూర్చి చదువగోరువాడు దానిని బల్లకవతలనున్న వారికి చెప్పుకొనునా?

మన దేశమున అంతకంటె స్థూలమైన పొరపాటు జరిగినది. 2003 సెప్టెంబరున మేఘాలయకు సంబంధించిన కిన్‌హున్ అను ఒక్క యాహూ చర్చాగుంపును ఆపుడని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. ఇంటర్నెట్టు సేవ అందించు సంస్థలలో పలువురి గోడలకు ఒక గుంపును మాత్రము వేరుచేసి ఆపు శక్తి లేకపోయినది. వారు యాహూ గుంపుల నన్నిటిని ఆపివేసిరి. తెలుగు సాహిత్యచర్చలకు నెలవైన ‘రచ్చబండ’యు ఆ ఆవరణలోనిదే! ఎలుక దూరినదని ఇంటికి తాళము వేసినట్లయినది. 2006 జూలైలో మరల అదియే కథ. కొద్దిపాటి పేజీల జాబితా పంపగా, బ్లాగ్‌స్పాట్ వంటి నెలవులు మొత్తముగా మూతపడినవి. తెలుగు బ్లాగులు అప్పుడప్పుడే మొలకెత్తుచున్న దినములవి. పేర్కొన్న పేజీలనే ఆపవలెనని ప్రభుత్వము మరల తాకీదు పంపవలసి వచ్చెను. సమాచార సాంకేతిక శాసనమునకు 2008లో చేసిన సవరణ వలన 69ఎ అను విభాగము, 2009లో దాని నియమావళి వచ్చినవి. 2015లో సుప్రీం కోర్టు ఆ విభాగమును సమర్థించినది.

పొరుగు దేశపు ఉదంతము మరియు విచిత్రము. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం సంస్థ తమ దేశమున యూట్యూబును ఆపనెంచి, దానికి చెందిన 256 చిరునామాలకు త్రోవ తమవద్దనే కలదని తమ రూటర్లకు చెప్పెను. వచ్చిన ప్యాకెట్లను పారవేయుట వారి ఉద్దేశము. ఆ అబద్ధము సరిహద్దు దాటి హాంకాంగు సంస్థకు, అచటినుండి లోకమునకు ప్రాకినది. యూట్యూబు తన 1,024 చిరునామాలను కలిపి ప్రకటించియుండగా, రూటర్లు ఎక్కువ నిర్దిష్టమైన ప్రకటననే నమ్మును. ఆ కారణముచేత లోకమునందలి యూట్యూబు ప్రేక్షకులలో చాలమంది అడుగులు పాకిస్తాన్ వైపు మరలినవి. సుమారు రెండు గంటలు యూట్యూబు కానరాలేదు.

ఇటీవల కావలివాని కన్నులు మసకబారినవి. వెబ్ పేజీలలో అధికభాగము నేడు మూసిన లక్కముద్ర కవరులలో ప్రయాణించుచున్నది. లోపలి పేజీ యేదో ఫైర్‌వాల్‌కు కనబడదు. సంభాషణ మొదటి పలుకులో వినబడు వెబ్‌సైటు పేరు, లేక ఆ పేరునకు చిరునామా యేదని యంత్రము ముందుగా అడుగు ప్రశ్న, ఈ రెండే దానికి ఆధారములు. కొన్ని కార్యాలయములు తమ ముద్రనే ఉద్యోగుల యంత్రములలో చేర్చి, కవరులను విప్పి చదివి మరల అంటించుచున్నవి. ఉద్యోగికి ఆ సంగతి ముందుగా చెప్పుట కనీస మర్యాదయని మా మతము. 2018లో ఆ చిరునామా ప్రశ్నను కూడ కవరులో పెట్టు పద్ధతి ప్రమాణముగా వెలువడినది. అది వచ్చిన పిమ్మట ఫైర్‌ఫాక్సు బ్రౌజరు కావలివానితో ఒక చిత్రమైన ఒడంబడిక చేసికొన్నది. తన ప్రశ్నలను కప్పిపుచ్చుటకు ముందు, అందులకే కేటాయించిన ఒక పేరును గూర్చి అది బహిరంగముగా అడుగును. అట్టి పేరే లేదని నెట్‌వర్కు బదులిచ్చినచో, ఇచట వడపోత కలదని గ్రహించి ప్రశ్నలను యథాప్రకారము తెరచియే పంపును. వాడుకరి తన చేతులారా ఆ మరుగును కోరుకొని యున్నచో మాత్రము, ఆ బదులును లెక్కచేయదు.