వినుకొండ సీమలో ఓటు, పద్దు

వినుకొండ చరిత్రను వ్రాయబూనినవారు కొండమీది రామలింగేశ్వరుని, పాడువడిన దుర్గమును, ఇచట జన్మించిన జాషువా మహాకవిని ముందుగా తలంతురు, అది ఉచితమే. కాని ఈ సీమవారు తమ్ము తాము పాలించుకొనుటకై వేసిన ఓట్ల వెనుక ప్రవహించిన ధనమునకును, ఆ ధనమునకు లెక్క చూపుమని చట్టము చేసిన ప్రయత్నమునకును ఒక చరిత్ర కలదు. అది దుర్గపు చరిత్రకంటె మనకు ఎక్కువ సన్నిహితమైనది.

1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానమును ప్రకటించెను. దాని ఫలముగా 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టము వచ్చి, జిల్లా బోర్డులును, తాలూకా బోర్డులును, యూనియన్లును ఏర్పడినవి. వినుకొండ అప్పుడు కృష్ణా జిల్లాలోని తాలూకా; 1904లో గుంటూరు జిల్లా మరల ఏర్పడినంతనే అందు చేరినది. నాటి బోర్డులలో పలువురు ప్రభుత్వ నియుక్తులు. ఎన్నుకొనువారు పన్ను చెల్లించు కొలదిమంది. ఓటర్లు అంత స్వల్పముగా నున్నచోట రొక్కము పంచవలసిన పని లేదు. భూమి కౌలుకిచ్చినవాని మాట, అప్పుపత్రము చేతనున్న షావుకారు చూపు, కరణము పలుకుబడి చాలియుండెను. ఈ బలమును ఏ పద్దులోను వ్రాయుటకు వీలులేదు. కావుననే పూర్వకాలపు ఎన్నికలు స్వచ్ఛమైనవని వగచువారితో నేను ఏకీభవింపజాలను.

ఓటుహక్కు కొంత విస్తరింపగానే చట్టమునకు భయము కలిగినది. 1920లో భారత శిక్షాస్మృతియందు ఎన్నికల నేరములను గూర్చి ఒక నూతనాధ్యాయము చేర్చబడినది. లంచమిచ్చినవానికేగాక పుచ్చుకొన్న ఓటరునకును ఏడాది వరకు ఖైదు విధింపవచ్చుననియు, అన్నము, పానీయము, వినోదము సమకూర్చి ఓటరును లోబరచుకొనుటయు లంచమే యనియు, అయితే దానికి జుల్మానా మాత్రమే శిక్షయనియు అందు వ్రాసిరి. విందుపెట్టుటను ధర్మముగా నెంచు మన పల్లెలకు ఇది వింతయైన నిబంధన. కాని ఓట్లకు ముందునాడు కట్టిన పందిరిలో వడ్డించు విస్తరికిని, పెండ్లిలో వడ్డించు విస్తరికిని గల భేదము తినువానికిని పెట్టువానికిని ఇరువురకును తెలిసినదే. ఎన్నికల ఖర్చుల లెక్క ఉంచవలెనని విధియుండియు ఉంచనివానికి 500 రూపాయల వరకు జుల్మానా అని అదే అధ్యాయము విధించెను. 1920లో ఆ మొత్తము గృహస్థుని గుండె ఝల్లుమనిపించెడిది. 2024 జూలై 1న భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చి దానిని 5,000 చేయువరకు, నూరేండ్లకు మించి, అంకె కదలలేదు. రూపాయి మాత్రము నానాటికి క్షీణించినది.

స్వాతంత్ర్యానంతరము వయోజనులందరకును ఓటు లభించినది. 1951-52 ఎన్నికలలో అభ్యర్థి కొక పెట్టె. దానిపై అతని గుర్తు. తెరచాటునకు పోయిన ఓటరు తన పత్రమును పెట్టెలో వేయక మడచి వెలుపలికి తెచ్చి అమ్ముకొనుటకు అందు అవకాశముండెను. తరువాత ఒకే పత్రముపై ముద్రవేయు పద్ధతి వచ్చి ఆ ద్వారము మూతపడినది. కమ్యూనిస్టు అభ్యర్థులు ఒకటికి మించిన పర్యాయములు గెలిచిన ఈ నియోజకవర్గమున, ధనమొక్కటే ఓటును నడపలేదనుటకు సాక్ష్యము లేకపోలేదు.

1959లో పంచాయతీ సమితులు వచ్చినవి. సమితి అధ్యక్షుని ఎన్నుకొనువారు సర్పంచులే ప్రధానముగా గల కొలదిమంది సభ్యులు. వేలమందిని ఒప్పించుటకంటె పదులమందిని దాచుట సుకరము. సభ్యులను బస్సులెక్కించి, దూరపుటూరి సత్రములలో నిలిపి, ఎన్నికనాటి ఉదయమున తిన్నగా తెచ్చి దించు శిబిరములు ఈ పద్ధతి బిడ్డలే. సమితుల స్థానమున మండలములు వచ్చిన పిమ్మట, 1987లో మండలాధ్యక్షులను ప్రజలే నేరుగా ఎన్నుకొనిరి. 1994 పంచాయతీరాజ్ చట్టముతో మరల పరోక్షపద్ధతి వచ్చినది, దానితో శిబిరములును వచ్చినవి. ఓట్లు తగ్గినకొలది ఒక్కొక్క ఓటు వెల పెరుగునని తెలిసియు ఈ మార్పు చేయుట నా దృష్టిలో పెద్ద పొరపాటు.

ఆ 1994 చట్టముననుసరించియే రాష్ట్ర ఎన్నికల సంఘమును, వ్యయపరిమితులును ఏర్పడినవి. ఫలితము వెలువడిన 45 దినములలో అభ్యర్థి తన లెక్కను సమర్పింపవలెను. సమర్పింపనిచో మూడేండ్లు అనర్హుడు. 2020లో ఒక ఆర్డినెన్సు ధనము, మద్యము పంచినవానికి మూడేండ్ల వరకు ఖైదును, పదవీ అనర్హతను చేర్చినది. ఇక లెక్కల పుస్తకమున ఏముండును? కరపత్రములు, ఆటో అద్దె, మైకు, టీలు, టిఫిన్లు, ప్రతిదానికిని రసీదు. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగినది మిరపకోతల కాలము. కూలి వదలుకొని వరుసలో నిలిచిన తల్లి చేతిలో ఎవరైన నోటు పెట్టినచో దానికి రసీదు లేదు, పుస్తకమున పంక్తి లేదు.

పుస్తకమునకే చిక్కనిది వేరొకటి కలదు, అది ఏకగ్రీవము. 2021లో ప్రభుత్వము రెండువేలకు లోబడిన జనాభాగల పంచాయతీకి 5 లక్షలు మొదలుకొని, పదివేలకు మించినదానికి 20 లక్షల వరకు ప్రోత్సాహకము ప్రకటించినది. నిజముగా ఊరంతయు ఏకాభిప్రాయమునకు వచ్చినచో హర్షింపవలసినదే. కాని పెద్దలు కూర్చుండి పదవిని వేలము వేసి, పాడిన సొమ్మును గుడికో రచ్చబండకో వాడినచో, అది ఊరిమేలు కాదు. పోటీచేయు పేదవాని హక్కును ఊరుమ్మడిగా అమ్ముట.

అమెరికాలోని కొన్ని నగరములలో ఎన్నికల ధనమును గూర్చిన నియమములపై పౌరులే ఓటువేయుదురు. 2015లో సియాటిల్ ఓటర్లు, నచ్చిన అభ్యర్థికిచ్చుకొనుటకు ఒక్కొక్కరికి 25 డాలర్ల కూపనులు నాలుగు చొప్పున పొందు పద్ధతిని ఆమోదించిరి. 2018లో పోర్ట్‌లాండు నగరవాసులు విరాళమునకు 500 డాలర్ల హద్దు పెట్టిరి. మనకట్టి ఓటు లేదు. పరిమితిని పైనుండియే నిర్ణయింతురు. కాని గ్రామసభ కలదు, ఓటరైన ప్రతివాడును అందు సభ్యుడు. వినుకొండ, బొల్లాపల్లి, ఈపూరు, శావల్యాపురము, నూజెండ్ల మండలముల పాఠకులారా, రాబోవు ఎన్నికల పిమ్మట గెలిచినవాని లెక్కను, ఓడినవాని లెక్కను గ్రామసభలో చదివింపుడు. నిరాకరించినచో మండల కార్యాలయమున సమాచార హక్కు దరఖాస్తు ఇండు. దానికి రుసుము 5 రూపాయలు.